కెమెరాతో వచ్చే చిన్న మూతలు, తొడుగులు ఎందుకు? – తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు పెళ్లిళ్లకు, జాతరలకు ఫొటోలు తీసే పని నేర్చుకుంటున్న యువకులు కొత్త కెమెరా డబ్బా విప్పగానే బాడీని, లెన్స్‌ను, చార్జర్‌ను తీసుకొని, మిగిలిన నల్లటి ప్లాస్టిక్, రబ్బరు ముక్కలను డబ్బాలోనే వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. ఆ ముక్కల్లో ఒక్కొక్కటి కెమెరాలోని ఒక్కో బలహీనమైన చోటును కాపాడటానికి తయారైనది. ఏ మూత దేన్ని కాపాడుతుందో తెలిస్తే ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తీయాలో ఎవరూ చెప్పనవసరం లేదు. నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులను ఆ దృష్టితోనే ఇక్కడ రాస్తున్నాను.

కెమెరా నెత్తిన, ఫ్లాష్ బిగించే చోట జారుడుగా కూర్చునే చిన్న ప్లాస్టిక్ ముక్క ఏమిటి?

ఫ్లాష్ బిగించే ఆ లోహపు గాడిని హాట్ షూ అంటారు, దాని మీద కూర్చునే ముక్క హాట్ షూ కవర్. నికాన్ కెమెరాలు వాడినవారికి బీఎస్-1 అనే పేరుతో ఇది పరిచయమే. గాడి లోపల చూస్తే మధ్యలో ఒక గుండ్రటి లోహపు బిందువు, దాని చుట్టూ మరికొన్ని చిన్న బిందువులు కనిపిస్తాయి. మధ్య బిందువు ఫ్లాష్‌ను వెలిగించే సంకేతాన్ని పంపిస్తుంది, చుట్టూ ఉన్నవి ఎంత వెలుతురు ఇవ్వాలో కెమెరా, ఫ్లాష్ పరస్పరం తెలియజేసుకోవడానికి ఉపయోగపడతాయి. ఈ బిందువుల మీద చెమట ఆరి ఉప్పు పేరుకున్నా, పసుపు పడి తేమతో గట్టిపడినా, సన్నని దుమ్ము పొరగా అతుక్కున్నా సంకేతం సరిగ్గా అందదు. అప్పుడు ఫ్లాష్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగక ఇబ్బంది పెడుతుంది, లేదా లెక్క తప్పి ప్రతిసారీ పూర్తి శక్తితో వెలిగి పెళ్లికూతురి ముఖాన్ని తెల్లగా చేసేస్తుంది. మంగళస్నానాల దగ్గర పసుపు చేతులతో చుట్టాలు మీద పడుతూ ఉంటారు, తలంబ్రాల బియ్యం కెమెరా మీద కురుస్తుంది. ఇలాంటి చోట ఫ్లాష్ తీసి పక్కన పెట్టిన ప్రతిసారీ ఆ కవర్ తిరిగి పెట్టడం అలవాటు చేసుకోవాలి.

బిందువులు అప్పటికే మురికిపట్టి ఉంటే, కెమెరాను ఆపి, పొడి మెత్తని గుడ్డతో గాని, శుభ్రమైన పెన్సిల్ రబ్బరుతో చాలా తేలికగా గాని తుడిచి, రాలిన పొడిని గాలితో ఊదేయాలి. గరుకు కాగితంతో గీకితే పై పూత పోయి, ఆ తర్వాత మరింత త్వరగా పాడవుతాయి.

లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో కూడా ఈ కవర్ అవసరమా?

ఇంకా ఎక్కువ అవసరం. సోనీ 2012లో తెచ్చిన మల్టీ ఇంటర్‌ఫేస్ షూలోనూ, కెనాన్ 2021లో ఈఓఎస్ ఆర్3తో తెచ్చిన మల్టీ ఫంక్షన్ షూలోనూ పాత బిందువులతో పాటు, గాడి ముందు అంచు కింద వరుసగా అతి సన్నని కాంటాక్టులు ఉంటాయి. వైరు లేకుండా మైక్ నుంచి ధ్వనిని నేరుగా కెమెరాలోకి పంపేవి ఇవే. వీటిలో దూది పోగో, ఇసుక రేణువో ఇరుక్కుంటే వేలితో తీయలేము, గుడ్డ కూడా అక్కడికి వెళ్లదు. పత్తి తీసే రోజుల్లో మన ఊళ్లలో గాలిలో తేలే నూగు, మిర్యాలగూడ రైస్ మిల్లుల చుట్టుపక్కల ఎగిరే ఊక పొట్టు చూసినవారికి దీని గురించి వేరే చెప్పనవసరం లేదు. అందుకే పాత షూ కంటే ఈ కొత్త షూ విషయంలో నేను ఎక్కువ జాగ్రత్త పడతాను.

కవర్ పెట్టిన తర్వాత కెమెరాలోని సొంత ఫ్లాష్ పైకి లేవడం లేదు. ఏదైనా పాడైందా?

బహుశా ఏమీ పాడవలేదు. కొన్ని కెమెరాల్లో హాట్ షూ పక్క పట్టీ కింద కంటికి ఆనని చిన్న మీట ఉంటుంది. బయటి ఫ్లాష్ బిగించినప్పుడు అది నొక్కుకుని, సొంత ఫ్లాష్ లేవనవసరం లేదని కెమెరాకు తెలియజేస్తుంది. కొలత సరిగ్గా లేని చవక కవర్ ఆ మీటను నొక్కి పట్టుకుంటే, బయటి ఫ్లాష్ ఉందనుకొని కెమెరా తన ఫ్లాష్‌ను ఆపేస్తుంది. కవర్ తీసి చూడండి. అయినా లేవకపోతే మీట దుమ్ముతో కిందికే ఇరుక్కుని ఉండవచ్చు, గాలి ఊది, కవర్‌ను నెమ్మదిగా రెండు మూడు సార్లు జరిపితే చాలావరకు వదులుతుంది.

లెన్స్ తీసినప్పుడు బాడీకి పెట్టే గుండ్రటి మూత తప్పనిసరా?

ఈ చిన్న సామగ్రి అంతటిలో ఒక్కదాన్నే ఉంచుకోవాల్సి వస్తే నేను బాడీ క్యాప్‌నే ఉంచుకుంటాను. కెమెరాలో ఉన్నవన్నీ ఒక ఎత్తు, చిత్రాన్ని పట్టే సెన్సర్ ఒక్కటే ఒక ఎత్తు, ఆ సెన్సర్‌కూ బయటి గాలికీ మధ్య లెన్స్ లేనప్పుడు ఈ మూత తప్ప మరేమీ ఉండదు. నిజానికి దుమ్ము పడేది సెన్సర్ మీద కాదు, దాని ముందు అమర్చిన పలుచని గాజు పొర మీద. ఆ రేణువు నీడ చిత్రం మీద బూడిదరంగు మచ్చగా కనిపిస్తుంది. లెన్స్ రంధ్రం బాగా తెరిచిన ఎఫ్ 2.8 దగ్గర ఆ నీడ కరిగిపోయి కనపడకపోవచ్చు గాని, రంధ్రం చిన్నదైన ఎఫ్ 11, ఎఫ్ 16 దగ్గర స్పష్టమైన చుక్కగా తేలుతుంది. గది లోపలి పెళ్లి ఫొటోల్లో ఎన్నడూ కనిపించని మచ్చలు, సోమశిల దగ్గర కృష్ణా నది మీద ఆకాశాన్ని తీయగానే బయటపడేది ఇందుకే. అనుమానం ఉంటే ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, నీలాకాశాన్ని గాని తెల్లగోడను గాని ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూడండి.

సెన్సర్ ముందున్న ఆ పొరను కంపింపజేసి దుమ్ము రాల్చే ఏర్పాటు 2003లో ఒలింపస్ ఈ-1తో వచ్చింది, ఇప్పుడు చాలా కెమెరాల్లో ఉంది. అది పొడి దుమ్మును రాలుస్తుంది గాని, తేమతోనో జిడ్డుతోనో అతుక్కున్నదాన్ని కదిలించలేదు. పూల పుప్పొడి, పసుపు, నూనె దీపాల పొగ ఈ రెండో రకానికి చెందినవి. బతుకమ్మ రాత్రి ఆరుబయట, గునుగు, తంగేడు పూల మధ్య నిలబడి లెన్స్ మార్చవలసి వస్తే, గాలికి వీపు పెట్టి, కెమెరా నోటిని నేలవైపు వంచి, మార్చాల్సిన లెన్స్‌ను ముందే చేతిలో సిద్ధంగా పెట్టుకొని మార్చండి.

మిర్రర్‌లెస్‌లో సెన్సర్ నేరుగా కనబడుతుంది కదా, దానికి ప్రమాదం ఎక్కువేనా?

అవును. అద్దం ఉన్న కెమెరాల్లో లెన్స్ కూర్చునే అంచు నుంచి సెన్సర్ వరకు దూరం ఎక్కువ: నికాన్ ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే అమరిక)లో 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌లో 44 మి.మీ. మధ్యలో అద్దం, మూసి ఉన్న షట్టర్ అడ్డంగా ఉంటాయి. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, దూరం కూడా కెనాన్ ఆర్ఎఫ్‌లో 20 మి.మీ., సోనీ ఈలో 18 మి.మీ., నికాన్ జెడ్‌లో 16 మి.మీ. మాత్రమే. కొన్ని మోడళ్లలో కెమెరా ఆపగానే షట్టర్ పరదా మూసుకునే ఏర్పాటు ఉంది. అది దుమ్ము నుంచి కొంత కాపాడుతుంది గాని, ఆ పరదా చాలా పలుచనిది, దాన్ని వేలితో తాకినా, గాలి ఊదే బ్లోయర్ మొనతో పొడిచినా సెన్సర్ శుభ్రం చేయించే ఖర్చు కంటే పెద్ద ఖర్చు వచ్చి పడుతుంది. పరదా మూసుకుంది కదా అని బాడీ క్యాప్ మానేయకండి.

లెన్స్ వెనుక మూత గురించి ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?

లెన్స్ వెనుక గాజు మీది గీత, ముందు గాజు మీది గీత కంటే చిత్రాన్ని ఎక్కువగా పాడుచేస్తుంది. వెనుక వైపే విద్యుత్ కాంటాక్టులు కూడా ఉంటాయి. ఇవి రెండూ చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, మూత లోపలి దుమ్ము. వెనుక మూత, బాడీ క్యాప్ జేబులో తిరిగి, జేబులోని నూగును మోసుకొచ్చి, చివరికి దాన్ని తీసుకెళ్లి లెన్స్ వెనుక గాజుకు, అక్కడి నుంచి సెన్సర్‌కు అప్పగిస్తాయి. రోజంతా ఒక లెన్స్ తర్వాత మరో లెన్స్ మార్చేటప్పుడు, ఖాళీగా ఉన్న ఈ రెండు మూతలను ఎదురెదురుగా బిగించి ఒకే డబ్బాలా చేసి జేబులో వేసుకుంటే లోపలి భాగం శుభ్రంగా ఉంటుంది. నెలకొకసారి మూతలను సబ్బునీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టడం కూడా మంచిది. అందరూ లెన్స్‌ను తుడుస్తారు, మూతను తుడిచేవారు తక్కువ.

మెడపట్టీకి గుచ్చి ఉన్న రబ్బరు ముక్క దేనికి? పట్టీ అలంకారమా?

అలంకారం కాదు. అది ఐపీస్ కవర్, అంటే మీరు కన్ను పెట్టి చూసే రంధ్రానికి మూత. అద్దం ఉన్న కెనాన్ కెమెరాలతో, అంటే డీఎస్‌ఎల్‌ఆర్‌లతో, ఇలా పట్టీకి గుచ్చి ఇచ్చేవారు, నికాన్ వారు డీకే-5 అనే విడి ముక్కను ఇచ్చారు, వారి ఖరీదైన బాడీల్లో మీట తిప్పితే లోపలే మూసుకునే తలుపు ఉంటుంది. అద్దం ఉన్న కెమెరాలో వెలుతురును కొలిచే సాధనం వ్యూఫైండర్ పట్టకం దగ్గర ఉంటుంది. మీ కన్ను ఆనించి ఉన్నంతసేపు వెనుక నుంచి వెలుతురు రాదు. కెమెరాను స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి మీరు పక్కకు జరగగానే వెనుక వెలుతురు ఆ రంధ్రం గుండా లోపలికి వెళ్లి కొలతలో కలుస్తుంది. ముందు దృశ్యం ఉన్నదానికంటే వెలుగుగా ఉందని కెమెరా భ్రమపడి ఫొటోను చీకటిగా తీస్తుంది.

నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయాన్నే తీసుకోండి. గర్భగుడిలో లింగం మీద పగలంతా నిలిచే స్తంభపు నీడను చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అనుమతి దొరికి, మండపంలో స్టాండు వేసి లోపలికి గురిపెడితే, మీ ముందు చీకటి గర్భగుడి, మీ వెనుక ఎండ. ఐపీస్ మూయకుండా తీసిన ఫొటోలో నీడా ఉండదు, లింగమూ ఉండదు, అంతా నలుపే మిగులుతుంది. నేను నేర్చుకునే రోజుల్లో ఇలాంటి చోటే లెన్స్ పాడైందని నమ్మి, మరమ్మతు దుకాణానికి వెళ్లి, డబ్బు పెట్టి వచ్చాను. అక్కడ కెమెరాను విప్పి బిగించారు తప్ప ఐపీస్ మాట ఎవరూ ఎత్తలేదు. పట్టీకి వేలాడుతున్న మూడు వేళ్ల వెడల్పు రబ్బరు ముక్కతో తీరే సమస్య అది.

కెమెరా వెనుక తెర మీద చూస్తూ తీసే లైవ్ వ్యూలో కొలత సెన్సరే తీసుకుంటుంది కాబట్టి ఈ తేడా రాదు. వెలుతురు లెక్కను మీరే పెట్టే మాన్యువల్‌లో తీసినా కొలత ప్రభావం ఉండదు. అయితే నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు నీటిని పాలనురుగులా చూపించడానికి వెలుతురును తగ్గించే ముదురు ఎన్‌డీ ఫిల్టర్ పెట్టి, పగటి వెలుతురులో నిమిషాల తరబడి షట్టర్ తెరిచి ఉంచేవారు, మాన్యువల్‌లో ఉన్నా ఐపీస్ మూయడం మంచిది. అంతసేపటిలో వెనుక నుంచి చొరబడే కొద్దిపాటి కాంతి కూడా చిత్రం మీద చారగా పడవచ్చు.

మిర్రర్‌లెస్‌కు ఐపీస్ మూత అక్కరలేదు కదా?

కొలత కోసం అక్కరలేదు. ఎండ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఐపీస్ లోపల ఉన్నది చిన్న తెర, దాని ముందు ఉన్నది భూతద్దం లాంటి గాజు. కెమెరాను బండ మీదనో కారు డ్యాష్‌బోర్డు మీదనో ఐపీస్ సూర్యుడి వైపు ఉండేలా వదిలేస్తే, చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చినట్టే ఆ తెర మీద మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు. లెన్స్ వైపు నుంచి కూడా ఇదే ప్రమాదం ఉంది, మూత లేని లెన్స్ సూర్యుడిని చూస్తూ ఉంటే సెన్సర్ గాని షట్టర్ పరదా గాని కాలవచ్చు. నల్లమలలోని ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర స్టాండు వేసి సూర్యాస్తమయం కోసం గంటల తరబడి ఎదురుచూసేవారు మధ్యలో లెన్స్ క్యాప్ పెట్టాలి, కెమెరా నీడలో ఉండాలి.

లెన్స్ క్యాప్ పోయింది. కొత్తది ఏ సైజు కొనాలి?

లెన్స్ ముందు అంచు మీద గాని, పాత మూత లోపల గాని, గీత కొట్టిన సున్నా గుర్తు పక్కన ఉన్న అంకె చూడండి: 49, 52, 55, 58, 62, 67, 72, 77, 82 మి.మీ. ఇలా ఉంటుంది. అదే సైజు. లెన్స్ మీద కనిపించే 50 లేదా 18-55 వంటి అంకెలు దృశ్యం ఎంత దగ్గరగా, ఎంత వెడల్పుగా పడుతుందో చెప్పే ఫోకల్ లెంగ్త్‌వి, వాటితో మూత కొంటే సరిపోదు. మధ్యలో నొక్కి తీసే రకం కొనండి, లెన్స్ ముందు గొట్టంలా బిగించే హుడ్ ఉన్నప్పుడు కూడా తీయవచ్చు.

యూవీ ఫిల్టర్ పెట్టాలా, హుడ్ చాలా?

ఫొటోగ్రాఫర్లలో ఎప్పటికీ తెగని వాదం ఇది, నా అభిప్రాయాన్ని దాచుకోను. ఫిల్మ్ రోజుల్లో అతినీలలోహిత కిరణాల వల్ల దూరపు కొండలు మసకగా పడేవి, ఆ మసకను తగ్గించడానికి యూవీ ఫిల్టర్ వచ్చింది. డిజిటల్ సెన్సర్ ముందున్న గాజు పొరే ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి, ఇప్పుడది కేవలం రక్షణ గాజు. లెన్స్‌కు దెబ్బ తగలకుండా ఆపే పని హుడ్ చక్కగా చేస్తుంది: అంచు ముందుకు వచ్చి ఉంటుంది, కిందపడినప్పుడు ముందు అదే దెబ్బ తింటుంది, అడ్డంగా వచ్చే ఎండను ఆపి ఫొటో తేటగా వచ్చేలా చేస్తుంది, పైగా దృశ్యానికీ లెన్స్‌కూ మధ్య మరో గాజు చేర్చదు. ఫిల్టర్ దెబ్బకు పగిలితే ఆ ముక్కలే లెన్స్‌ను గీసే అవకాశం ఉంది. అందువల్ల ఊళ్లో, ఇంట్లో, మామూలు పనికి నేను హుడ్‌నే వాడతాను.

కాని దెబ్బ వేరు, రాపిడి వేరు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరలో జనం, బండ్లు లేపే దుమ్ము, గ్రానైట్ క్వారీల దగ్గరి రాతిపొడి, హోలీ రంగులు, ఎత్తిన గేట్ల నుంచి వచ్చే నీటి తుంపర, వీటి ముందు హుడ్ ఏమీ చేయలేదు. అలాంటి చోట మంచి పూత ఉన్న ఫిల్టర్ పెట్టుకొని, పని అయ్యాక తీసి నీళ్లతో కడుక్కోవడం, లెన్స్ గాజును పదిసార్లు తుడిచి గీతలు పెట్టుకోవడం కంటే ఎంతో మేలు. రాత్రిపూట సీరియల్ లైట్లు, దీపాలు ఫ్రేములో ఉన్నప్పుడు మాత్రం ఫిల్టర్ తీసేయండి, లేకపోతే ఒక్కో దీపానికి తలకిందులుగా మరో దీపం చిత్రంలో కనిపిస్తుంది.

పక్కనున్న రబ్బరు తలుపులు తీయడం, పెట్టడం విసుగు. తెరిచే ఉంచితే నష్టమా?

నష్టమే. మైక్, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ రంధ్రాలు నేరుగా లోపలి సర్క్యూట్ పలకకు అతికి ఉంటాయి. వాన, దుమ్ము తట్టుకుంటుందని ప్రకటించిన కెమెరా కూడా ఈ తలుపులన్నీ గట్టిగా మూసి ఉన్నప్పుడు మాత్రమే తట్టుకుంటుంది. రబ్బరు కాలంతో సాగి, ఉబ్బి, జిగటగా మారుతుంది. అలా మారినదాన్ని అంటించి సరిపెట్టకుండా, ఆ మోడల్‌కు సరిపోయే కొత్త రబ్బరు వేయించడం మంచిది.

విడి బ్యాటరీ మీది పారదర్శక మూత అవసరమా?

చాలా అవసరం. బ్యాటరీ లోహపు బిందువులకు జేబులోని తాళాల గుత్తి, నాణెం అడ్డంగా తగిలితే షార్ట్ సర్క్యూట్ అయి వేడెక్కుతుంది, మంట కూడా రావచ్చు. విమానంలో వెళ్లేవారు విడి లిథియం బ్యాటరీలను చేతి సంచిలోనే, బిందువులు మూసి తీసుకెళ్లాలి. కెనాన్ ఎల్‌పీ-ఈ6 మూతకు ఒక వైపు చిన్న కిటికీ ఉంటుంది. చార్జి అయినదానికి ఆ కిటికీలోంచి బ్యాటరీ మీది నీలం కనిపించేలా, అయిపోయినదానికి కనిపించకుండా మూతను తిప్పి పెట్టుకోవచ్చు. ఒకే రోజు రెండు పెళ్లిళ్లు ఉన్నప్పుడు ఈ గుర్తు విలువ తెలుస్తుంది. ఆ మూత లేకపోతే ప్రతి బ్యాటరీని విడి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

బ్యాగులో తేమను పీల్చే సిలికా జెల్ వేయాలా? బియ్యం వేస్తే చాలదా?

మూతలన్నీ పెట్టి, తేమను లోపలే ఉంచి మూసేస్తే లెన్స్‌లో బూజు పడుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటి ఎక్కువ కాలం ఉంటే బూజుకు అనుకూలం, 40 నుంచి 50 శాతం మధ్య ఉంచగలిగితే మంచిది. మన వైపు వేసవిలో ఈ బాధ లేదు గాని, వానాకాలంలో నల్లమలలోని మల్లెలతీర్థం మెట్లు దిగి జలపాతం దగ్గర తడిసి వచ్చిన కెమెరాను అదే రాత్రి బ్యాగులో మూసిపెట్టడం ప్రమాదకరం. ముందు ఫ్యాను కింద ఆరబెట్టి, తర్వాత గాలి చొరబడని డబ్బాలో రంగు మారే సిలికా జెల్‌తో పెట్టండి. రంగు మారితే అది తేమతో నిండిందని అర్థం, ప్యాకెట్ మీద రాసిన విధంగా వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. బియ్యం తేమను అంతగా లాగవు, పైగా వాటి పిండి కెమెరా సందుల్లోకి చేరుతుంది.

తెర మీద గాజు తొడుగు వేయించాలా?

వేయించండి. చొక్కా గుండీలు, బెల్టు బకిల్ చేసే గీతలను అది ఆపుతుంది. అంతకుమించి దాని నుంచి ఏమీ ఆశించనక్కరలేదు.

అసలు కంపెనీది కాకుండా చవక మూతలు వాడవచ్చా?

లెన్స్ ముందు మూత, హుడ్, తెర గాజు ఎవరు చేసినవైనా సైజు సరిపోతే చాలు. బాడీ క్యాప్, వెనుక మూత విషయంలో కొంచెం ఆచితూచి కొనండి. అచ్చు సరిగ్గా లేని ప్లాస్టిక్ బాడీ క్యాప్ తిప్పినప్పుడల్లా అంచులు అరిగి, ఆ పొడి నేరుగా సెన్సర్ గదిలో రాలుతుంది, దుమ్మును ఆపాల్సిన మూతే దుమ్మును తయారుచేస్తుంది. కొన్ని బిగుసుకుపోయి రావు, బలంగా తిప్పితే లాక్ పిన్ దెబ్బతింటుంది. కొనేముందు అంచును వేలితో తడిమి చూడండి, వేలికి నల్లటి పొడి అంటినా, గరుకు తగిలినా వద్దనండి. పెట్టినప్పుడు పాలిష్ చేసినట్టు నున్నగా తిరిగి, చివర టక్కుమని ఆగాలి. ఆగకుండా తిరుగుతూ ఉంటే, కెమెరా నోరు నేలవైపే ఉంచి, దాన్ని వెంటనే తీసేసి, వేరేది అడగండి.